సెల్యూట్ కొట్టని హవల్దారు

మా గొర్లెపురంలో ఆయుధాలున్నవి రెండే చోట్ల. ఒకటి పోలీసు స్టేషను, రెండోది గవరయ్య మాస్టారి మ్యూజియం. స్టేషనులో ఉన్నవి పనిచేస్తాయో లేదో ఎవరికీ తెలియదు. మ్యూజియంలో ఉన్నవి పనిచెయ్యవని ఊరందరికీ తెలుసు. ఈ కారణం చేత రెండు చోట్లా జనం నిర్భయంగా తిరిగేవారు.

లెంక గవరయ్యగారు మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను అదే స్కూల్లో ఇంకా సోషల్ చెబుతున్నాను. పాఠంలో యుద్ధం వచ్చినప్పుడల్లా పిల్లల్ని వరసలో నడిపించుకుని ఆయన మ్యూజియానికి తీసుకెళ్ళడం నాకు అలవాటు. దానివల్ల పిల్లలకి చరిత్ర తెలుస్తుంది, నాకు రెండు పీరియడ్లు కలిసొస్తాయి.

మ్యూజియం అనగానే ఏదో ఊహించుకోకండి. అదొక మూతపడ్డ నూనె మిల్లు గోడౌను. గుమ్మం పైన "హవల్దారు లెంక సన్యాసయ్య స్మారక ఆయుధ, సైనిక దుస్తుల ప్రదర్శనశాల" అని బోర్డు. ఇంత పేరూ పట్టడానికి బోర్డు గోడ దాటి పక్కవాళ్ళ ప్రహరీ మీదకి కూడా వెళ్ళింది. లోపల కత్తులు, బల్లేలు, డాళ్ళు, మందు కూరి పేల్చే తుపాకులు. చుట్టుపక్కల ఏ జమీందారు వారసులు అటక దులుపుకున్నా మాస్టారు అక్కడ ప్రత్యక్షమై, బతిమాలి తెచ్చుకున్నవి. గుమ్మం దగ్గర ఓ చిన్న ఫిరంగి ఉంది. అది ఆఖరుసారి పేలింది జమీందారుగారి రెండో పెళ్ళికిట. ఆ చప్పుడికి పెళ్ళికూతురు పల్లకీ దిగి తిన్నగా పుట్టింటి వైపు నడిచిందని, అప్పట్నుంచీ దాని జోలికి ఎవరూ పోలేదని మాస్టారు వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు.

అసలు చూడవలసింది యూనిఫాంలు. రకరకాల కాలాల సిపాయిల కోట్లు, తలపాగాలు, తోలు పటకాలు. వాటిని తొడగడానికి బొమ్మలు కావాలి కదా. విజయనగరంలో ఓ బట్టల షాపు ఎత్తేస్తుంటే మాస్టారు వెళ్ళి, అద్దాల్లో నిలబెట్టే బొమ్మల్ని టోకున తెచ్చారు. అంచేత మా సిపాయిలందరికీ గులాబీ రంగు బుగ్గలు. యుద్ధానికి కాదు, పెళ్ళికి బట్టలు తీసుకోవడానికి వచ్చినట్టు నవ్వుతుంటారు. ముగ్గురు చీరల సెక్షను నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి మాస్టారు తన చేత్తోనే మీసాలు దిద్దారు. తరవాత మోచేతుల దగ్గర వేడి చేసి, వంచి, అందరి చేతా సెల్యూట్ కొట్టించారు. డ్రిల్లు మాస్టారు కదా, చేతులు ఊరికే వేలాడితే ఆయన చూడలేరు.

ఒక్క బొమ్మ మాత్రం సెల్యూట్ కొట్టదు. గది చివర చిన్న అరుగు మీద, రెండు చేతులూ తొడలకి ఆనించి నిటారుగా ఉంటుంది. దాని ఒంటి మీద ఖాకీ కోటు, గుండె దగ్గర వెలిసిపోయిన రిబ్బన్లు. మాస్టారి తండ్రి సన్యాసయ్యగారు పెద్ద యుద్ధంలో బర్మా వెళ్ళి, తిరిగి ఒంటి మీద వేసుకొచ్చిన కోటు అది. ఈ మ్యూజియం అంతా ఆ ఒక్క కోటుకి నీడ కోసం పెట్టిందే. మిగతావన్నీ దానికి తోడు.

"మా నాయన ఇంటికొచ్చిన రోజున ఏటన్నాడో తెల్సా మేష్టారూ," అని మాస్టారు నాకు ఎన్నిసార్లు చెప్పారో. "'ఒరే గవరా, దొరలకి కొట్టినాను, దొరల పిల్లలకి కొట్టినాను, దొరగారి కుక్కని తిప్పుకొచ్చే ఓడికి కూడా కొట్టీసినాను సెల్యూట్లు. సెయ్యి సచ్చిపోనాదిరా. ఇంక ఈ సెయ్యి ఎవుడికీ లెగదు' అన్నాడండి. పోయిందాకా లెగలేదు. ఓసారి ఎవరో పెద్దాఫీసరు వచ్చి దండేస్తే తలూపాడు గానీ చెయ్యెత్తలేదు. అలగంటి మనిషి బొమ్మ చేత నేనెలగ కొట్టిస్తానండి?"

ఇలా ఉండగా మా ఊరికి మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి.

ఎన్నికలంటే ముందు కోడ్ వస్తుంది. కోడ్ రాగానే నాయకుల విగ్రహాలకి ముసుగులు వేస్తారు, శంకుస్థాపన రాళ్ళకి కాగితాలు అంటిస్తారు, లైసెన్సు తుపాకులున్నవాళ్ళు వాటిని స్టేషన్లో అప్పజెబుతారు. మా ఊళ్ళో లైసెన్సు తుపాకీ ఉన్నవాడు లేడు. అందువల్ల కొత్తగా వచ్చిన ఎస్సై కమలాకర్ గారు పైకి పంపిన రిపోర్టులో ఆయుధాల చోట సున్నా పడింది. ఆ సున్నా చూసి పైనుంచి ఫోను వచ్చింది. అన్ని స్టేషన్లలోనూ ఆయుధాలు వస్తున్నాయి, నీ దగ్గర ఎందుకు రావడం లేదు, ఉద్యోగం మీద శ్రద్ధ లేదా అని.

మర్నాడు పొద్దున్నే ఎస్సైగారి జీపు మ్యూజియం ముందు ఆగింది. నేను పిల్లలతో లోపలే ఉన్నాను.

"సదరు ప్రాంగణమందు మారణాయుధములు పెద్ద ఎత్తున నిల్వ ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది," అన్నారు ఎస్సైగారు.

"దృష్టికి రావడమేటండి," అన్నారు మాస్టారు. "మొన్న ఆదివారం మీ పాపని తీసుకొచ్చి చూపించుకున్నారు కదా. ఫిరంగి మీద కూర్చోబెట్టి ఫొటో కూడా తీశారు."

"అప్పుడు వ్యక్తిగత హోదాలో చూశాను. ఇప్పుడు అధికార హోదాలో చూస్తున్నాను. హోదా మారినప్పుడు వస్తువు స్వభావం మారుతుంది మాస్టారూ."

"ఈ కత్తి తుప్పట్టి ఒరకి అతుక్కుపోయిందండి. దేవుడొచ్చినా పైకి రాదు."

"తుప్పు పట్టిన కత్తి మరింత ప్రమాదకరం. తగిలితే ధనుర్వాతం వస్తుంది."

మాస్టారు గుమ్మం పక్కకి తప్పుకున్నారు. కత్తులూ బల్లేలూ ఆటోల్లో, ఫిరంగి ట్రాక్టరు వెనక స్టేషనుకి బయల్దేరాయి. బజారు వీధిలో ఫిరంగిని చూసి ఇద్దరు అభ్యర్థులు అది ఎదటివాడు తెప్పించిందనుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపులేసుకున్నారు. ఆ పూట ప్రచారం ప్రశాంతంగా జరిగింది. ఎస్సైగారి రిపోర్టులో సున్నా పోయి ఇంత పొడుగు జాబితా వచ్చేసరికి పైనుంచి మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి మెచ్చుకోలు. జిల్లాలో ఫిరంగి పట్టుకున్న స్టేషను మాదొక్కటేనట.

మెచ్చుకోలు తగిలిన మనిషి ఊరుకోడు. రెండు రోజులకే ఎస్సైగారు మళ్ళీ వచ్చారు.

"మాస్టారూ, విగ్రహాలకి ముసుగులు వెయ్యాలని నియమం. మీ దగ్గర విగ్రహాలు ఉన్నాయి."

"అవి నాయకులవి కావండి. సిపాయిలు."

"ఇవాళ నాయకుడు కానివాడు రేపు అవుతాడు. అప్పుడు బాధ్యత ఎవరిది?"

టెంటు హౌసు నుంచి తెల్లగుడ్డలు తెప్పించి సిపాయిలందరికీ కట్టారు. ఇక్కడే చిక్కొచ్చింది. సెల్యూట్ కొడుతున్న మనిషికి ముసుగేస్తే చెయ్యి ఎత్తి జనాన్ని ఆశీర్వదిస్తున్నవాడిలా కనిపిస్తాడు. ఇన్నాళ్ళూ మ్యూజియం మొహం చూడనివాళ్ళు కూడా కిటికీలోంచి తొంగిచూసి, లోపల ఫలానా నాయకుడి విగ్రహాలు దాచారని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒక పార్టీవాళ్ళు వచ్చి పూలదండలు వేశారు. రెండో పార్టీవాళ్ళు, దండలు వేసినందుకు ఫిర్యాదిచ్చి, పోతూ పోతూ ఎందుకైనా మంచిదని వాళ్ళూ ఓ దండ వేసి వెళ్ళారు. శాంతిభద్రతల దృష్ట్యా ముసుగు మనుషులందర్నీ స్టేషనుకి తరలించారు. ఖాకీ కోటు కూడా వాళ్ళతోనే పోయింది.

మాస్టారు జీపు వెనకాల స్టేషను దాకా నడిచి వెళ్ళారు. "ఆ కోటు చెమ్మ తగిలితే పోద్దండి," అని దారి పొడుగునా కానిస్టేబులు పైడినాయుడికి చెబుతూనే ఉన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కత్తులు మళ్ళీ ఎక్కడైనా దొరుకుతాయి. ఆ కోటు దొరకదు. ఆ రోజు నుంచీ ఆయన రోజూ స్టేషనుకి వెళ్ళి, బెంచీ మీద తన వంతు వచ్చేదాకా కూర్చుని, చిన్న బ్రష్షుతో తండ్రి కోటు దులిపి వచ్చేవారు. ఎస్సైగారు దాన్ని ములాఖత్ కింద రాయించారు.

పెళ్ళిళ్ళ సీజను కావడంతో టెంటు హౌసువాడు వచ్చి తన గుడ్డలు తను పట్టుకుపోయాడు. దాంతో బొమ్మలు యూనిఫాంలలో, స్టేషను గోడ వారగా, ఎవరి తుపాకీ పక్కన వాళ్ళు నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే జిల్లా నుంచి, నింపి పంపమని ఒక నమూనా కాగితం వచ్చింది. స్టేషను ఆవరణలో యూనిఫాం ధరించి విధులకు సిద్ధంగా ఉన్నవారి సంఖ్య తెలపవలెను. పైడినాయుడు చూపుడు వేలితో అందర్నీ లెక్కపెట్టి రాసేశాడు. ఎస్సైగారు సంతకం పెట్టేశారు.

తరవాత నేను అడిగితే పైడినాయుడు ఏమాత్రం తొణక్కుండా చెప్పాడు. "యూనిఫాం ఉందా లేదా అని అడిగినారండి, ఉందని రాసినాను. నిలబడ్డారా లేదా అంటే నిలబడే ఉన్నారు. ఊపిరి తీస్తన్నారా లేదా అన్న గడి అందులో లేదండి. లేని గడి నానెలగ నింపుతాను?"

ఉత్తర్వులు వచ్చేశాయి. మా స్టేషనులో మనుషులు ఎక్కువున్నారని తేలింది కాబట్టి పక్క ఊరికి నిజం కానిస్టేబుళ్ళని కొందర్ని పంపమన్నారు. మిగిలినవాళ్ళని మా పోలింగ్ కేంద్రాలకి వెయ్యమన్నారు. మిగిలినవాళ్ళంటే ఎవరో మీకు తెలుసు. ఎస్సైగారికి ఆ రాత్రి అన్నం సయించలేదని విన్నాను. పొరపాటు జరిగిందని పైకి రాస్తే, పొరపాటు ఎందుకు జరిగిందో సంజాయిషీ రాయాలి. సంజాయిషీ రాయడం కంటే బొమ్మల్ని డ్యూటీకి పంపడం తేలికని ఆయనకి తెల్లారేసరికి తోచింది.

డ్యూటీకి పోయేవాళ్ళకి ఆరోగ్య ధ్రువీకరణ ఉండాలి. ప్రభుత్వ డాక్టరుగారు ఎప్పటిలాగే కాగితాల కట్ట మీద తల ఎత్తకుండా సంతకాలు పెట్టారు. అందరూ ఫిట్టే. బీపీ, షుగరు ఏమీ లేవు.

పోలింగ్ రోజున నేను ఆడపిల్లల స్కూల్లో ప్రిసైడింగ్ ఆఫీసర్ని. పొద్దున వ్యాన్‌లోంచి మా బూతు కోసం దింపిన బందోబస్తుని చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. సన్యాసయ్యగారు. ఖాకీ కోటు, భుజానికి పాత తుపాకీ, చేతులు తొడలకి ఆనించి, అదే నిటారు. ఆయన్ని గుమ్మం పక్కన నిలబెట్టి, పైడినాయుడు నా చేత అందినట్టు సంతకం పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

మా ఊళ్ళో దొంగ ఓట్లు వేయించడంలో దాలినాయుడిది అందెవేసిన చెయ్యి. కొత్తగా వచ్చే బందోబస్తుని ముందు మాటల్తో మెత్తబరిచి, తరవాత తన పని తను చేసుకుపోతాడు. ఎండ పెరిగే వేళకి తన మనుషులతో వచ్చి హవల్దారుగారి ముందు ఆగాడు.

"ఏటి బావా, కొత్తగా వచ్చినావా?"

జవాబు లేదు.

"ఏ ఊరేటి మీది? టీ తాగినావా?"

జవాబు లేదు. దాలినాయుడు సిగరెట్టు పెట్టె తీసి చూపించాడు. బిరియానీ పొట్లం చూపించాడు. తన వెనక ఎవరున్నారో చెప్పాడు. ఎవరెవరిని ఎక్కడెక్కడికి బదిలీ చేయించాడో చెప్పాడు. హవల్దారుగారు కన్ను ఆర్పకుండా అతని తల మీదుగా రోడ్డు వైపు చూస్తూ నవ్వుతున్నారు. ఆ నవ్వు చూసి దాలినాయుడి మొహం పాలిపోయింది.

"ఈడు మామూలోడు కాడురా," అన్నాడు తన వాళ్ళతో, గొంతు తగ్గించి. "ఇన్ని మాటలన్నా నవ్వుతన్నాడంటే పైనుంచి ఏటో ఆర్డరు తెచ్చుకునుంటాడు. బేగి పదండి."

అంత ప్రశాంతంగా పోలింగ్ జరగడం నా సర్వీసులో చూడలేదు. రెండు పార్టీల ఏజెంట్లూ విడివిడిగా నా దగ్గరకొచ్చి, ఆ హవల్దారు తమనే చూస్తున్నాడని, కాస్త అటు తిరిగి నిలబడమని చెప్పమని బతిమాలారు. మధ్యాహ్నం ఎన్నికల పరిశీలకులు వచ్చారు. వచ్చి, హవల్దారుగారి ముందు చాలాసేపు నిలబడ్డారు.

"నేను వచ్చానని కూడా ఇతను తల తిప్పలేదు. టీకి వెళ్ళలేదు. ఫోను చూడలేదు. నిబద్ధత అనునది ఇట్లుండవలెను," అని నోట్ చేసుకున్నారు.

నిజం చెప్పేద్దామా అనుకున్నాను. కానీ పోలింగ్ ముగిసేదాకా అనవసర ప్రసంగాలు చెయ్యకూడదని మాకు శిక్షణలో చెప్పారు.

ఎన్నికలయ్యాయి, కోడ్ ఎత్తేశారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషనుకి వెళ్ళారు. తోడుగా నన్ను రమ్మన్నారు.

"నా సామాన్లు నాకు ఇప్పించీండి బాబూ," అన్నారు.

"ఆయుధాలు సిబ్బందికి కేటాయించబడ్డాయి. సిబ్బంది విధుల్లో ఉన్నారు," అన్నారు ఎస్సైగారు. "సిబ్బందిని వదిలిపెట్టాలంటే రిటైర్మెంటు, మరణం, డిస్మిస్. ఇవి కాక వేరే మార్గం లేదు."

"అయితే రిటైర్మెంటు రాసీండి. మా నాయన పుట్టి నూరేళ్ళు దాటిపోయాయి."

"పుట్టిన తేదీకి రుజువు?"

"బర్మా నుంచొచ్చినప్పటికే లేదండి. పోనీ, మరణం రాసీండి. ఆయన పోయి శానా కాలమైంది."

ఎస్సైగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "పోయినవాడు పోలింగ్ డ్యూటీ చేశాడని నేను రాస్తే, పోయినవాళ్ళు ఓట్లేశారని గోల పెడుతున్నవాళ్ళకి ఏం సమాధానం చెప్పమంటారు?"

"అవి బొమ్మలండి. డాక్టరుగారి చేత రాయించుకొస్తాను."

డాక్టరుగారి దగ్గరికీ వెళ్ళి, ఆయన్ని స్టేషనుకి తీసుకొచ్చాం. ఆయన హవల్దారుగారి మణికట్టు పట్టుకుని చూశారు, గుండె మీద గొట్టం పెట్టి విన్నారు, ముక్కు కింద వేలు పెట్టారు. గొట్టం మడిచి, "మనిషి కాదని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఫిట్ అని నేనే రాశాను. ఒకే మనిషి గురించి ఒకే డాక్టరు రెండు మాటలు రాయకూడదు," అన్నారు. ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

ఈలోగా పరిశీలకుల నోట్ తన పని తను చేసుకుపోయింది. ప్రశాంతంగా పోలింగ్ జరిపిన సిబ్బందిని స్వయంగా అభినందించడానికి జిల్లా నుంచి పెద్దసారు వస్తున్నారన్నారు. స్టేషను గోడలకి సున్నం కొట్టారు. ముగ్గు వేశారు. వరసలో ముందు బొమ్మల్ని నిలబెట్టి, వెనక మిగిలిన నిజం కానిస్టేబుళ్ళని నిలబెట్టారు. వీళ్ళ పొట్టలు కనబడకుండా.

పెద్దసారు నల్లకళ్ళద్దాలతో, చుట్టూ పదిమందితో వచ్చారు. మొదటి బొమ్మ దగ్గర ఆగారు. సెల్యూట్ ఉంది, నవ్వు ఉంది. "సిబ్బంది సంతోషంగా ఉన్నారు. సమర్థ నాయకత్వమునకు ఇది నిదర్శనం," అన్నారు. ఎస్సైగారు సిగ్గుపడ్డారు. రెండో బొమ్మ, మూడో బొమ్మ, సెల్యూట్, నవ్వు. చీరల సెక్షను నుంచి వచ్చినవాడి దగ్గర ఆగి, "చర్మం బాగా కాపాడుకుంటున్నావు," అన్నారు. అలా నడుచుకుంటూ వరస చివరికి వచ్చి, ఖాకీ కోటు ముందు నిలబడ్డారు.

ఆ చేతులు తొడల దగ్గరే ఉన్నాయి.

పెద్దసారు వేచి చూశారు. ఎస్సైగారికి చెమట పట్టింది. పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "నేనెవరో తెలుసా?" అన్నారు. హవల్దారుగారు నవ్వుతూ ఆయన తల మీదుగా చూస్తున్నారు.

"సెల్యూట్," అన్నారు పెద్దసారు, తగ్గు గొంతుతో.

వెనక వరసలో అలవాటు కొద్దీ పైడినాయుడు బూటు తాటించి సెల్యూట్ కొట్టాడు. ముందు వరసలో చెయ్యి లేవలేదు. పెద్దసారు పతకాల పళ్ళెం వెనక్కి తోసి, కారెక్కి వెళ్ళిపోయారు. పోలింగ్ రోజున ఏ కదలకపోవడం నిబద్ధత అయిందో, సున్నం కొట్టిన గోడ ముందు అదే కదలకపోవడం ధిక్కారం అయింది.

సాయంత్రానికి మెమో వచ్చింది. ఉన్నతాధికారి సమక్షమందు బుద్ధిపూర్వకముగా గౌరవ వందనము చేయ నిరాకరించినందులకు సదరు వ్యక్తిని విధుల నుంచి ఎందుకు తొలగించరాదో తెలియజేయవలెను. హవల్దారుగారు మెమో అందుకోలేదు. అందుకోనివాళ్ళకి ఇంటి తలుపు మీద అంటించడం పద్ధతి. ఈయనకి ఇల్లు స్టేషనే కాబట్టి, తలుపు ఏదో తేలక, కోటు మీదే అంటించబోయారు. మాస్టారు అడ్డంపడి, "జిగురు మరక పోదు బాబూ," అని, గుండుసూదితో గుచ్చేట్టు ఒప్పించారు.

విచారణకి ముందు రోజు ఎస్సైగారు మాస్టారింటికి వచ్చారు. యూనిఫాంలో కాదు, మామూలు చొక్కాలో. నేనూ అక్కడే ఉన్నాను.

"మాస్టారూ, నా మాట వినండి," అన్నారు, మొదటిసారి మామూలు తెలుగులో. "ఆ మోచెయ్యి కాస్త వేడి చేసి వంచెయ్యండి. మిగతావాటికి చేశారు కదా. రేపు విచారణలో చెయ్యి పైకుంటే, ఆ రోజు ఎండ దెబ్బ తగిలిందని నేను రాయిస్తాను. పెద్దసారు చల్లబడతారు. అందరితో పాటు మీ నాన్నగారికీ పతకం. మీ మ్యూజియానికి గుర్తింపు కూడా ఇప్పిస్తాను. లేదంటే డిస్మిస్ అని రాసేస్తారు. ఆ కోటు మీద ఎప్పుడూ లేని మచ్చ పడుతుంది."

మాస్టారు గోడ మీదకి చూశారు. అక్కడ సన్యాసయ్యగారి డిశ్చార్జి కాగితం అద్దంలో ఉంది. నడవడి చాలా మంచిది అని అందులో రాసి ఉంటుంది. ఆ ఒక్క ముక్కనీ ఆయన తన చిన్నప్పట్నుంచీ వచ్చినవాళ్ళందరికీ వేలు పెట్టి చూపించారు. డిస్మిస్ అన్న మాట వినేసరికి ఆయన లేచి ఆ అద్దం మీది దుమ్ము చేత్తో తుడిచారు.

"అది ప్లాస్టిక్ చెయ్యే కదా మాస్టారూ," అన్నారు ఎస్సైగారు.

"ప్లాస్టిక్ చెయ్యే అయితే అది లెగాలని మీకెందుకండి అంత పట్టుదల?" అన్నారు మాస్టారు.

ఎస్సైగారు టీ సగంలో వదిలేసి వెళ్ళారు. మాస్టారు ఆ గ్లాసు పక్కకి జరిపి నాతో అన్నారు, "పటాలంలో ఉన్నన్నాళ్ళూ ఆయన చేత కొట్టించారు మేష్టారూ. ఆయన మాన్నాక మళ్ళీ కొట్టిస్తే, ఆ వంచేది నా చెయ్యే కదండీ."

విచారణలో నేను సాక్షిని. విచారణాధికారి సిరా పెన్ను మూత తీసి, చాలా మర్యాదగా అడిగారు.

"సదరు వ్యక్తి మీ బూతునందు పనిచేసిన కాలంలో ఎవరికైనా సెల్యూట్ చేయగా చూచితిరా?"

"లేదండి."

"ఎవరితోనైనా మాట్లాడగా వింటిరా?"

"లేదండి."

"మీరు చెప్పిన మాటలు విన్నట్టుగాని, అర్థమైనట్టుగాని కనిపించెనా?"

"లేదండి."

"ఇది మీకు అసాధారణంగా తోచలేదా?"

"ఎన్నికల డ్యూటీలో అందరం అలాగే ఉంటామండి," అన్నాను.

ఆయన తలూపి రాసుకున్నారు. ఆఖరున ముద్దాయిని అడిగారు, చెప్పుకునేది ఏమైనా ఉందా అని. మూడుసార్లు అడిగి, మూడుసార్లూ ఆగి, మౌనము అంగీకారముగా భావించడమైనది అని రాశారు. తీర్పు వారంలో వచ్చింది. ఎవరికిని గౌరవ వందనము చేయని సదరు హవల్దారును ధిక్కారము కింద ఉద్యోగం నుంచి తొలగించడమైనది; ఇకపై ఎన్నడూ, ఏ హోదాలోనూ ప్రభుత్వ విధులకు అనర్హుడు; అతనిని తక్షణం స్టేషను ఆవరణ నుంచి పంపివేయవలెను. ఈ ధిక్కారం మిగతావాళ్ళకి అంటుకోకుండా, వాళ్ళని కూడా తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు ఆయుధాలతో సహా దూరంగా వేరే వసతిలో ఉంచమన్నారు. ఊరి మొత్తానికి ఖాళీగా ఉన్న వసతి గవరయ్య మాస్టారి గోడౌను ఒక్కటే. ఎస్సైగారు దానికి బ్యారక్ అని పేరు పెట్టి, ఫిరంగితో సహా అన్నీ అక్కడే దింపించారు. తరవాత ప్రమోషను మీద బదిలీ అయి వెళ్ళారు.

మాస్టారు తండ్రిని తనే రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నారు. కోటు దులిపి, అరుగు మీద నిలబెట్టి, ఆ ఉత్తర్వు చేతిలో పట్టుకుని ఫిరంగి మీద కూర్చున్నారు. చదివారు, మళ్ళీ చదివారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఏదో ఓదార్పుగా అనబోయాను.

"ఇందులో రాసిందేటి మేష్టారూ," అన్నారు ఆయన. "ఎవుడికీ సెల్యూట్ కొట్టడనే కదా. మా నాయన ఆ మాట నోటితో అంటే అప్పుడు ఒక్కడూ నమ్మలేదు. ఇప్పుడు గవర్నమెంటు ముద్దరేసి రాసిచ్చింది."

దానికి అద్దం కట్టించి, డిశ్చార్జి కాగితం పక్కనే తగిలించారు. ఒకదాంట్లో నడవడి చాలా మంచిది, ఒకదాంట్లో ధిక్కారం. ఈ రెండింటినీ పక్కపక్కన చూడ్డానికి ఇప్పుడు పొరుగూళ్ళ నుంచి కూడా జనం వస్తున్నారు. కత్తుల దగ్గర ఎవరూ ఆగడం లేదు. నా పిల్లలు కూడా తిన్నగా గది చివరికే పరుగెడుతున్నారు.

ఆ మధ్య మళ్ళీ ఎన్నికలు వచ్చాయి, ఈసారి అసెంబ్లీకి. కోడ్ వచ్చిన రోజునే బ్యారక్ ముందు వ్యాన్ ఆగింది. పైడినాయుడు దిగి, సిబ్బందిని ఒక్కొక్కరినీ నడుం దగ్గర పట్టుకుని ఎక్కించాడు. సెల్యూట్ కొడుతూ, నవ్వుతూ అందరూ ఎక్కారు. చీరల సెక్షను వాళ్ళ మీసాలు కాస్త వెలిసి ఉంటే, కొత్త ఎస్సైగారు అవి దిద్దించి పంపమన్నారట. అందరూ అయ్యాక పైడినాయుడు గది చివరికి వచ్చాడు.

"ఈయనో?" అన్నాను నేను.

"ఈయన్ని ముట్టుకోడానికి లేదండి. డిస్మిస్సు," అన్నాడు. "ఇంక ఏ పార్టీ వచ్చినా, ఏ సారొచ్చినా ఈయన జోలికి పోడానికి రూలొప్పుకోదు. అదృష్టవంతుడు."

ఖాళీ గదిలో హవల్దారుగారు ఒక్కరే, చేతులు తొడలకి ఆనించి, మా తలల మీదుగా రోడ్డు వైపు చూస్తున్నారు. పైడినాయుడు ఆయన ముందు కాసేపు నిలబడ్డాడు. అతని బూట్లు వాటంతట అవే దగ్గరకి జరిగాయి, కుడి చెయ్యి చెవి దాకా లేచింది. అంతలో డిస్మిస్సయినవాడికి సెల్యూట్ కొట్టకూడదన్నది గుర్తొచ్చినట్టుంది. గుమ్మం వైపు ఓసారి చూసి, ఆ చేత్తో టోపీ సర్దుకుని, వ్యాన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.